శాలువా వద్దు, పీరియడ్ ఇవ్వండి



ఒక బడి మాస్టారి పేరిట ఈ ఉపన్యాస నిధి పెట్టిన కుటుంబం వారు నాకు రాసిన ఉత్తరంలో రెండు కోరికలున్నాయి. ఈ ఏడాది ఉపన్యాసం పిల్లల మనసు గురించి ఉండాలన్నది ఒకటి. కోనసీమలోని మన అల్లవరం మండలంలో పిల్లల మనసు చూసుకునే పని చేస్తున్నవాళ్లలో ఒకరి పేరు సూచిస్తే ఈ వేదిక మీదే సత్కరిస్తామన్నది రెండోది. మొదటిది తేలిక. మైకు చేతికిస్తే మనవాళ్లలో ఎవరైనా గంటసేపు తీరుస్తారు. చిక్కంతా రెండో దానితోనే వచ్చింది. పిల్లల మనసు కనిపెట్టి చూసుకోవడం తన ఉద్యోగమని అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాసి ఉన్న మనిషి ఈ మండలంలో నాకు దొరకలేదు. ఆ పని చేస్తున్నవాళ్లు మాత్రం అడుగడుగునా దొరికారు. అందుకని పేరు సూచించకుండానే వచ్చాను. ఎందుకు సూచించలేదో చెప్పడమే ఈ సాయంత్రం నా ఉపన్యాసం.

బెండమూర్లంక నుంచి ఓడలరేవు దాకా మీకు నచ్చిన బడికి మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి. హెడ్మాస్టరు గదిలోకి కాదు, వంటశాల వైపు వెళ్లండి. వండి వడ్డించే ఆవిడకు ఏ పిల్ల తన గుడ్డు పక్కవాళ్ల కంచంలో పెట్టేస్తోందో తెలుసు. మొదటి రోజు, "ఏమ్మా, తినవా?" అంటుంది. మర్నాడూ అంతే అయితే గట్టిగా ఒక చూపు చూస్తుంది. మూడో రోజు వడ్డన అయ్యాక గరిటె గిన్నెలో పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి ఆ పిల్ల పక్కన చతికిలబడుతుంది. "ఇంటికాడ ఏమైందే?" అంటుంది. అంతే. ఆ ప్రశ్నకు ఆవిడ ఏ శిక్షణా తీసుకోలేదు. మానసిక వైద్యులు పుస్తకాల్లో రాసే తొలి గుర్తులు, అంటే తిండి తగ్గడం, స్నేహితులకు దూరంగా కూర్చోవడం, ఆటలోంచి తప్పుకోవడం, ఇవన్నీ బడిలో అందరికంటే ముందు కనిపించేది ఆ వంటశాల గుమ్మంలోంచే.

ఆ భోజన పథకానికి 2024లో మన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి వెలిగించిన తల్లి. ఎడ్వర్డు చక్రవర్తి ఆవిడకు ప్రశంసాపత్రం పంపాడని మన ఇళ్లల్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆ పత్రంతో పాటు రెండు బస్తాల బియ్యం కూడా పంపి ఉంటే ఆ తల్లి ఎక్కువ సంతోషించేదని నాకనిపిస్తుంది. సత్కారాల విషయంలో నా బుద్ధి మొదటి నుంచీ ఇలాంటిదే, మన్నించాలి.

ఇక కువైట్ సంగతి. కోనసీమలో ఈ మాట ఎత్తకుండా పిల్లల గురించి మాట్లాడితే అది మరే ఊరి గురించో మాట్లాడినట్టు. కువైట్, మస్కట్, ఖతర్, దుబాయ్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్న తల్లులు మన పేటల్లో ఎంతమందో మీకు తెలుసు. కొత్త శ్లాబు ఇల్లు, తీరిన అప్పు, పెళ్లయిన ఆడబిడ్డ, ఇవన్నీ ఆ తల్లుల చేతి చలవే. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటారు. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. అక్కడ యజమాని ఇంట్లో గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, తన గదిలోకి వచ్చేసరికి ఆ తల్లికి రాత్రి పది. మనకు పన్నెండున్నర. అప్పుడు ఇమో యాప్‌లో ఫోను మోగుతుంది. ఆ ఫోను కోసం ఏడో తరగతి కుర్రాడు కళ్లు నులుముకుంటూ మెలకువగా ఉంటాడు. అమ్మ మొహం చూస్తాడు. అమ్మ ఏడిస్తే ఏడుస్తాడు, ఆ రోజు అమ్మకు మాట్లాడటం కుదరకపోతే అసలు నిద్రపోడు. మర్నాడు మొదటి పీరియడ్‌లో కునుకుతాడు. లెక్కల మాస్టారు చాక్‌పీసు ముక్క విసురుతారు.

ఆ కుర్రాణ్ణి బద్ధకస్తుడు అనేవాళ్లు పది మంది ఉంటారు. "రాత్రి అమ్మ ఫోను చేసిందా?" అని అడిగేవాళ్లు ఒకరుంటారు. ఆ ఒక్కరూ సాయంత్రం ఆ ఇంటి మీదుగా వెళ్లి, "అమ్మమ్మగారూ, మీ అమ్మాయిని మధ్యాహ్నం రెండింటికి ఏమన్నా వీలవుతుందేమో అడగండి, ఇక్కడ నాలుగున్నర అవుతుంది, బడి వదిలేస్తాం" అని చెబుతారు. మందు లేదు, మాత్ర లేదు, కౌన్సెలింగ్ అన్న పేరు కూడా లేదు. గడియారం లెక్క ఒక్కటే. దాంతో ఆ పిల్లవాడి నిద్ర తిరిగొస్తుంది. నిద్ర తిరిగొస్తే సగం చదువు తిరిగొస్తుంది. ఇలాంటి పని ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఆ టీచరు మరో మండలానికి బదిలీ అయిన రోజున ఆ తెలివి కూడా ఆమెతో పాటే బస్సెక్కి వెళ్లిపోతుంది. తర్వాత వచ్చినావిడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, లేదా నేర్చుకోకపోవచ్చు.

మన సమస్య ఇక్కడుంది. పని జరుగుతోంది. జరుగుతోందని రాసుకునే చోటు లేదు, దానికి కేటాయించిన గంట లేదు, దానికయ్యే ఖర్చు ఏ పద్దులోనూ లేదు. ఎవరో మంచివాళ్లు కాబట్టి చేస్తున్నారు. మంచితనం మీద నడిచేది మంచివాళ్లు అలిసిపోయేదాకానే నడుస్తుంది.

మన వైపు పిల్లలు పెద్ద పెద్ద భయాలే చూశారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుంది. అరవై అయిదు రోజులు మండింది. వైనతేయకు ఇవతల బోడసకుర్రు వైపు పిల్లలకు ఆ రెండు నెలలు రాత్రంటే ఎర్రటి ఆకాశం. మరుసటి ఏడాది నవంబరు 6న వచ్చిన తుపాను గురించి ఈ సభలో నలభై దాటినవాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. లంకలన్నీ నేలమట్టమయ్యాయి. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది కూడా మనకు కూతవేటు దూరంలోనే.

ప్రతిసారీ లెక్కలు తీశారు. కూలిన ఇల్లు ఎన్ని, పడిన కొబ్బరిచెట్టు ఎన్ని, పోయిన వలా పడవా ఎన్ని, మునిగిన ఎకరా ఎంత. చెట్టు కాపు కాసేదా, చిన్నదా అని కూడా రాసుకున్నారు. మంచిదే, రైతుకు చెట్టే బతుకు. కానీ ఆ ఫారంలో, గాలి చప్పుడైతే పక్క తడుపుతున్న ఆరేళ్ల పిల్ల గురించి రాయడానికి గడి లేదు. తొంభై ఆరులో ఎనిమిదేళ్లున్నవాళ్లు ఇవాళ పిల్లల తల్లిదండ్రులు. వాతావరణ హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ వాళ్లలో కొందరి చేతులు ఎందుకు వణుకుతాయో వాళ్లకే తెలియదు. వాళ్ల కంగారు చూసి వాళ్ల పిల్లలు కంగారు నేర్చుకుంటారు.

అప్పట్లో పిల్లలకు ఏ సాయమూ అందలేదని అనను. దడుచుకున్నారని తాయెత్తులు కట్టారు, దిష్టి తీశారు, మసీదు దగ్గర ఊదించారు, చర్చిలో ప్రార్థన చేయించారు. చదువుకున్నవాళ్లం వీటిని చూసి నవ్వుతాం. నేను నవ్వను. తాయెత్తు వల్ల జబ్బు తగ్గిందని చెప్పడం లేదు. ఆ తాయెత్తు కట్టించిన అమ్మమ్మ ఒక పని చేసింది: ఈ పిల్ల బాగాలేదు అని ఇంట్లో అందరి ముందూ ఒప్పుకుంది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అది మొదటి మెట్టు. రెండో మెట్టు లేకపోవడం అమ్మమ్మ తప్పు కాదు.

రెండో మెట్టు ఎలా ఉంటుందో మన పక్క రాష్ట్రం చూపించింది. 1999 ఒడిశా పెనుతుపాను తర్వాత యాక్షన్ ఎయిడ్ సంస్థ ఊళ్లల్లోనే కొందరు యువతీ యువకుల్ని ఎంచి స్నేహకర్మీలని పేరు పెట్టింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణుల తోడ్పాటుతో వాళ్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్లేమీ డాక్టర్లు కారు. ఇంటింటికీ వెళ్లి కూర్చోవడం, పోయినవాళ్ల గురించి మాట్లాడనివ్వడం, పిల్లల చేత ఆటలాడించడం, బొమ్మలు గీయించడం, ఎవరి బాధ రోజులు గడిచినా తగ్గడం లేదో చూసి పైకి పంపడం వాళ్ల పని. ఆ పనికి ఒక పేరు ఉండేది, దానికంటూ సమయమూ ఉండేది. మనకూ వాళ్లకూ ఉన్న తేడా అక్కడే.

పైకి పంపడం అన్నాను. ఎక్కడికి పంపాలి? అల్లవరం నుంచి ఆ దారి చూద్దాం. మొదట మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తర్వాత అమలాపురం ఏరియా ఆసుపత్రి, అక్కడ కుదరకపోతే కాకినాడ పెద్దాసుపత్రి, అదీ దాటితే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. 1871 నాటిది అది. నూటయాభై ఏళ్లు దాటినా మన నోట్లో దాని పేరు ఇంకా పిచ్చాసుపత్రే, అందుకే పిల్లను తీసుకెళ్లమంటే తల్లి భయపడుతుంది. ఈ దారిలో ప్రతి మజిలీకీ ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు. రొయ్యల చెరువు మీద కాపలా పనికి వెళ్లే తండ్రి రెండు రోజులు మానితే ఆ పనిలో మూడో రోజు ఇంకొకడుంటాడు. అసలు కాలువ శివారు మండలం వాళ్లం మనం. పైన లాకులెత్తిన సంగతి పేపర్లో చదువుతాం, నీళ్లు మన చేలోకి వచ్చేసరికి నాట్ల అదను దాటిపోతుంది. 2011లో సాగు ఆపి క్రాప్ హాలిడే ప్రకటించిన కోనసీమకు ఈ అనుభవం వేరే చెప్పాలా? మానసిక ఆరోగ్య పథకాలూ అంతే, ఢిల్లీలో వదిలిన నీళ్లు.

పథకాలు లేవనుకోకండి, చాలా ఉన్నాయి. వాటి చరిత్ర కూడా మంచిదే. 1975 ప్రాంతంలో చండీగఢ్ పీజీఐ వైద్యులు హర్యానాలోని రాయ్‌పుర్ రాణి అనే చోట, ఆ వెంటనే నిమ్హాన్స్ వాళ్లు బెంగళూరు పక్క సకలవార దగ్గర ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పెద్దాసుపత్రి దాకా రాలేని రోగిని ఊళ్లోనే గుర్తించడానికి ఆరోగ్య కేంద్రం డాక్టరుకీ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకీ శిక్షణ ఇస్తే సరిపోతుందా అని చూశారు. సరిపోతుందని తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985 నుంచి బళ్లారి జిల్లా మొత్తం మీద ఆ పద్ధతిని నడిపి చూశారు. బళ్లారి అంటే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న జిల్లానే. ఆ నమూనాతో 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో జిల్లా కార్యక్రమం మొదలైతే, ఉమ్మడి రాష్ట్రం నుంచి మెదక్ అందులో ఉంది. అదే ఏడాది మనకు తుపాను.

అయితే ఆ ప్రయోగాల చూపు ఎక్కువగా పెద్దవాళ్ల మీదే. తీవ్రమైన మతిభ్రమణం, మూర్ఛ, ఇలా పైకి కనిపించే జబ్బులు. అల్లరి చేయని, అరవని, వెనక బెంచీలో నిశ్శబ్దంగా తరిగిపోయే పిల్ల ఆ పట్టికలోకి రాలేదు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చాక బడికీ అంగన్‌వాడీకీ తిరిగే వైద్య బృందాలు ముప్పై రకాల లోపాలు చూడాలన్నారు. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, నిలకడలేనితనం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. 2014లో కౌమార స్వాస్థ్య కార్యక్రమం. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2022 అక్టోబరు 10న టెలిమానస్ అనే మానసిక సహాయ ఫోను సేవ వచ్చింది. ఈ చివరిది మాత్రం రాసుకోవాలి: 14416. రాత్రయినా పగలైనా పలుకుతుంది, తెలుగులో పలుకుతుంది, డబ్బు అడగదు. మండలానికొక భవిత కేంద్రం ఉంది, ఎదుగుదలలో వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి ఓపికగా నేర్పే ఉపాధ్యాయులు అందులో ఉన్నారు. కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రం లాంటి సంస్థలున్నాయి. అమలాపురంలోనే కిమ్స్ వైద్య కళాశాల ఉంది.

ఇన్ని ఉండీ అల్లవరం బడిలో టీచరు ఒక పిల్లను అమలాపురం పంపితే, అక్కడ ఏం జరిగిందో ఆ టీచరుకు తిరిగి చెప్పేవాళ్లు లేరు. డాక్టరు ఏం చూశారు, బడిలో ఏం జాగ్రత్త తీసుకోవాలి, మళ్లీ ఎప్పుడు రావాలి? చీటీ పైకి వెళుతుంది, కిందికి రాదు. రెండుసార్లు అలా అయ్యాక మూడో పిల్లను పంపడానికి ఏ టీచరుకైనా చేయాడదు.

ఎంతమంది పిల్లల మాట మనం మాట్లాడుతున్నాం? నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చింది. నలభై మంది ఉన్న తొమ్మిదో తరగతిలో ముగ్గురన్నమాట. ఆ ముగ్గురిలో ఒకడు అల్లరివాడని పేరుపడి ఉంటాడు. ఒకతె బుద్ధిమంతురాలని పేరుపడి ఉంటుంది, నోరెత్తదు కాబట్టి. మూడోవాడు బడికి రావడమే మానేసి ఉంటాడు.

ఈ ముగ్గురినీ టీచర్లే చూసుకోవాలి, రెండు రోజుల శిక్షణ ఇస్తే సరి, అని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. ఇక్కడ బీహారు నుంచి ఒక సంగతి చెప్పాలి. ఇది నా ఉపన్యాసంలో గట్టి ముక్క, దయచేసి ఓపిక పట్టండి.

నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు తీసుకున్నారు. కార్యక్రమం పేరు సెహర్. మూడు భాగాలు చేశారు. ఒక భాగం బళ్లల్లో బయటినుంచి ఒక మనిషిని పెట్టారు. సైకాలజీ పట్టా ఉన్న మనిషి కాదు, శిక్షణ ఇచ్చిన, చదువుకున్న మామూలు మనిషి. ఆయనకు అదొక్కటే పని. పిల్లలతో మాట్లాడటం, ఫిర్యాదుల పెట్టె తెరవడం, గోడపత్రిక నడపడం, బడిలో కొట్టడం మాన్పించడం. రెండో భాగం బళ్లల్లో అవే పనులు అక్కడున్న టీచరుకే అప్పగించారు, అదే శిక్షణ ఇచ్చి. మూడో భాగంలో ఇవేవీ లేవు. ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ప్రత్యేకంగా మనిషిని పెట్టిన బళ్లల్లో వాతావరణం బాగా మారింది, పిల్లల్లో దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గింది, కొట్లాటలు తగ్గాయి. టీచరుకే అప్పగించిన బళ్లల్లో? ఏమీ చేయని బళ్లకూ వాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

దీన్ని చూసి టీచర్లు చేతకానివాళ్లని అనేవాళ్లుంటే, వాళ్లు ఒక వారం మన బడిలో వచ్చి కూర్చోవాలి. ఉదయం హాజరు యాప్, మధ్యాహ్నం భోజనం యాప్, ఆ మధ్య మరుగుదొడ్ల ఫోటోలు తీసి ఎక్కించే పని కూడా ఉండేది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే ఇతర పనికీ ఉపాధ్యాయుణ్ణి వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షను చెబుతోంది. ఆ సెక్షను చదివి స్టాఫ్‌రూములో నవ్వుకుంటారు. అదీ కాక, లెక్కల్లో సున్నా వేసిన మనిషి దగ్గరకే వెళ్లి ఇంట్లో నాన్న తాగొచ్చి కొడుతున్నాడని పిల్ల చెప్పుకోవడం కష్టం. మార్కులేసే చెయ్యి వేరు, చెప్పుకునే చెవి వేరు. బీహారులో తేలింది ఇదే. మంచి టీచరు మంచి పని చేస్తూనే ఉంటుంది, కానీ ఉన్న పనుల మీద ఇంకో పని వేసి, దానికి గంట ఇవ్వకపోతే, వ్యవస్థగా అది నిలబడదు.

అందుకే నా ఉపన్యాసానికి ఆ పేరు పెట్టాను.

పీరియడ్ అంటే ఒక్క గంట అని మాత్రమే కాదు. ఒక మనిషి, ఆ మనిషికి వారంలో కొన్ని గంటలు, కూర్చోవడానికి పదిమంది కంట పడని ఒక గది. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాదాపు ఈ మాటే చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రం కేసులోనే వచ్చింది, విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక పశ్చిమ బెంగాల్ అమ్మాయి మరణం మీద. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో పెట్టుకోవాలని, మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయకూడదని, పదిమందిలో అవమానించకూడదని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, టెలిమానస్ నంబరు హాస్టళ్లలోనూ తరగతుల్లోనూ కనబడేలా రాయాలని ఆదేశించింది. అమలు చూడటానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ వేయమంది.

ఇలాంటి సలహాలు మనం మొదటిసారి వినడం లేదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. తర్వాతా కమిటీలు వచ్చాయి. వేళలు తగ్గించండి, ఆదివారం సెలవివ్వండి, కౌన్సెలర్లను పెట్టండి అని చెబుతూనే ఉన్నారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. మన కోనసీమ పిల్లలు పదో తరగతి అవగానే ట్రంకు పెట్టెతో రాజమండ్రి, విజయవాడ, విశాఖ హాస్టళ్లకు వెళతారు. పండక్కి వచ్చినప్పుడు ఎందుకు మాట్లాడటం లేదని మనం అడగం, ర్యాంకు ఎంత అని అడుగుతాం. ఈ విషయంలో తప్పంతా కాలేజీల మీదకు నెట్టి మనం తప్పుకోవడం నాకు ఒప్పుదల కాదు.

తీర్పులో మన మండలానికి అసలు పట్టింపైన ముక్క వేరే ఉంది. నూరు మంది కంటే తక్కువున్న బడి సొంతంగా మనిషిని పెట్టుకోనక్కర్లేదు, బయటి నిపుణులతో అధికారికమైన సంబంధం ఉంటే చాలు. మన ప్రాథమిక పాఠశాలల్లో నూరు దాటినవి ఎన్నో మీరే లెక్క వేసుకోండి. అంటే మన చిన్న బళ్లకు తీర్పు ఇస్తున్నది ఒక సంబంధం. దాని ఇవతలి కొస మన దగ్గరుంది: వంటావిడ, అంగన్‌వాడీ టీచరమ్మ, ఏఎన్ఎం, సచివాలయం మహిళా పోలీసు, గోడి గురుకులం లాంటి చోట్ల రాత్రిపూట గదులు తిరిగి చూసే వార్డెనమ్మ. అవతలి కొస ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. పది బళ్లకు కలిపి ఒక మనిషిని పెట్టి, రోజుకు రెండు బళ్ల చొప్పున తిప్పితే ఆ కొస దొరుకుతుంది. మోటారుసైకిలు మీద తిరిగేంత మండలమే మనది.

ఇంతదాకా ఊరివాళ్లను మెచ్చుకున్నాను. ఇప్పుడు కాస్త కఠినంగా మాట్లాడాలి. ఊరి మంచితనంలో ఒక ప్రమాదం ఉంది. ఊళ్లో మాట దాగదు. పొద్దున్న ఒక ఆడపిల్ల టీచరుకు చెప్పుకున్నది సాయంత్రానికి కిరాణా కొట్టు దగ్గర వినబడితే, ఆ పిల్ల మళ్లీ జన్మలో ఎవరికీ చెప్పదు. పైగా సంబంధం చూసి పెళ్లి చేసేస్తే సరిపోతుందని ఇంట్లో తొందర మొదలవుతుంది. పేట పిల్లయితే ఒక రకంగా, ఊరి పిల్లయితే ఇంకో రకంగా మాట్లాడే నోళ్లు మనలో ఇంకా ఉన్నాయి. చేయి వేసినవాడు బంధువే అయితే "ఇంటి గుట్టు" అంటూ సర్దిచెప్పే పెద్దమనుషులూ ఉన్నారు. 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. దీన్ని పెద్దమనుషుల పంచాయితీలో తేల్చడానికి వీల్లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసినా సరే. కాబట్టి పిల్లల మాట వినే మనిషికి ప్రేమ ఒక్కటి చాలదు. ఏది ఎవరికీ చెప్పకూడదో, ఏది తప్పకుండా చెప్పి తీరాలో తెలియాలి. అది శిక్షణతో వచ్చేది. అమ్మమ్మలూ వంటావిడలూ ఉండగా నిపుణులెందుకు అనేవాళ్లతో నేను ఏకీభవించనిది అందుకే.

ఇంకొకటి. బెత్తం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ నిషేధించింది. దానికి ఎన్నో దశాబ్దాల ముందే చలం "బిడ్డల శిక్షణ" రాసి మనకు చెప్పాడు. చలాన్ని తిట్టుకున్నాం, చట్టాన్ని పట్టించుకోలేదు. "రెండు తగిలించండి మాస్టారూ, ఏమీ అనుకోం" అని బడి గుమ్మంలో నిలబడి చెప్పే తండ్రులు ఇప్పటికీ వస్తున్నారు. నిన్నటిదాకా నవ్వి ఊరుకునేవాళ్లం. ఇకమీదట ఆ తండ్రిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి.

మాస్టారి గురించి ఒక్కటే చెబుతాను. ఆయన హాజరు పట్టీలో కుడి వైపు అంచున పెన్సిలుతో చిన్న చిన్న మాటలు రాసుకునేవారట: ఒకరి పేరు పక్కన "నాన్న వేటకెళ్లి రాలేదు", ఇంకొకరి పక్కన "చెల్లికి జ్వరం". ఇన్‌స్పెక్షను వస్తోందంటే రబ్బరుతో చెరిపేసేవారట, రిజిస్టరు పాడుచేశావని మందలిస్తారని. ఆ అంచు మీది రాతకు ఇవాళ ఒక నోటుపుస్తకం కావాలి. చెరపనక్కర్లేని పుస్తకం, తాళం వేసే బీరువాలో ఉండే పుస్తకం, టీచరు బదిలీ అయితే తర్వాతి టీచరుకు చేతికిచ్చి చెప్పే పుస్తకం.

నిధి నిర్వాహకులకు నా విన్నపం ఇది. ఈ ఏడాది సత్కారానికి నన్ను పేరు అడగకండి. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫ్లెక్సీ, వీటికయ్యే డబ్బు పక్కన పెట్టండి. మండలంలో ఏ బడి నుంచైనా ఒక పిల్లను అమలాపురమో కాకినాడో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లవలసి వస్తే, తల్లికీ పిల్లకీ రానూపోనూ చార్జీలు, ఆ రోజు కూలి ఈ నిధి నుంచి ఇవ్వండి. ఎవరు, ఏమిటి అన్నది హెడ్మాస్టరు దగ్గరే ఉండనివ్వండి, మీరు అడగవద్దు. అమలాపురం వైద్య కళాశాల మానసిక వైద్య విభాగం వారిని కలిసి నెలకొకసారి ఒక డాక్టరును ఇక్కడికి పంపమని ఉత్తరం రాయండి. సంతకం నేనూ పెడతాను. వెళ్లిన పిల్ల విషయంలో బడిలో ఏం చేయాలో రెండు ముక్కలు రాసిన చీటీ వెనక్కి పంపమని కూడా అందులో అడగండి. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీలో మన మండలం చిన్న బళ్ల సంగతి ఎప్పుడు చర్చిస్తారని కలెక్టరు గారిని సోమవారం గ్రీవెన్సులో అడుగుదాం. అక్కడ అర్జీకి నంబరిస్తారు, ఆ నంబరు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళదాం.

తల్లిదండ్రులకు: ఇంటికి వెళ్లాక 14416 నంబరు ఫోనులో ఎక్కించుకోండి. కువైట్‌లో ఉన్న మీ అమ్మాయికీ పంపండి. అవతలి దేశం నుంచి ఆ నంబరు కలవకపోవచ్చు, కానీ ఇక్కడ పిల్లాణ్ణి పెంచుతున్న అమ్మమ్మ చేత చేయించడానికి ఆమెకు తెలిసి ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు: టైం టేబుల్ వచ్చే నెల మళ్లీ వేస్తారు కదా. అందులో వారానికి ఒక్క గంట ఖాళీ గడి ఉంచమని హెడ్మాస్టరును అడగండి. ఆయన ఇవ్వనంటే, పేరెంట్స్ కమిటీ చేత అడిగించండి. కమిటీ సభ్యులు ఈ హాల్లోనే మూడో వరసలో కూర్చున్నారు.